మెట్లు లేని తంత్రి

వీణకు మెట్లు ఉన్నాయి. వేలు కొంచెం అటూ ఇటూ అయినా మెట్టు దానిని స్వరస్థానానికి చేర్చుతుంది. వాయులీనానికి ఆ ఆసరా లేదు. నాలుగు తంత్రులు, వాటి క్రింద నున్నని పలక, కుడిచేతిలో కమాను, అంతే. ఋషభం ఎక్కడ ఉన్నదో, గాంధారం ఎక్కడ ఉన్నదో తెలిపే గుర్తు ఏదీ ఆ పలకపై కనిపించదు. స్వరం ముందుగా బాలుని అంతఃకరణంలో నిలిచి ఉండాలి; అప్పుడే వేలికి తన తావు తెలుస్తుంది. లోపల లేని స్వరాన్ని వేలు ఎంత వెదకినా తంత్రిపై దొరకదు.

ఈ ఒక్క లక్షణం వలన వాయులీన గురువుపై పడే భారం అధికం. బాలుని చేతికి వాద్యం ఇచ్చే ముందే ఆ బాలుని చెవిని, ఓర్పును, శ్వాసను, కూర్చునే తీరును తీర్చిదిద్దవలసిన పని ఆయనదే. అయితే నేడు ఖమ్మం వంటి పట్టణాలలో జరుగుతున్నది ఏమిటి? బడికీ ట్యూషనుకీ మధ్య చిక్కిన అరగంటలో బాలుడు ఫిడేలు పెట్టె వీపున వేసుకుని గురువుగారి ఇంటికి పరుగెత్తుతాడు. తలిదండ్రుల మొదటి ప్రశ్న "సర్టిఫికెట్టు ఎప్పుడొస్తుందండీ?" అని, రెండవ ప్రశ్న "స్టేజీ ఎప్పుడెక్కుతాడండీ?" అని. ఏడాది గడిచినా అపస్వరం పోకపోతే గురువుగారి నోటినుండి ఒక వాక్యం వెలువడుతుంది: "దీనికి పూర్వజన్మ సంస్కారం ఉండాలండీ." తలిదండ్రులు తలాడించి పిల్లవాణ్ణి మాన్పించి తీసుకువెళతారు. అక్కడితో ఒక చెవి మూతపడిపోతుంది.

వినడానికి శాస్త్రసమ్మతంగా తోచే ఈ వాక్యం పరమ అశాస్త్రీయమైనది. జన్మాంతర వాసనలను కాదనే నాస్తికవాదం ఇది కాదు. వాసనలు ఉన్నాయి. భగవద్గీత ఆరవ అధ్యాయంలో యోగభ్రష్టుని గతిని వివరిస్తూ భగవానుడు చెప్పిన దానిలో రెండు అంశాలున్నాయి. అతడు పూర్వదేహంలో సంపాదించిన బుద్ధిసంయోగాన్ని తిరిగి పొందుతాడన్నది ఒకటి. అక్కడినుండి మరల సిద్ధికై యత్నిస్తాడన్నది రెండవది. మనవారు మొదటి భాగాన్ని కంఠస్థం చేసి రెండవ భాగాన్ని విస్మరించారు. వాసన ఉన్నవానికీ యత్నం తప్పనప్పుడు, లేదని తోచినవానికి యత్నమే నిరాకరించడం ఏ ధర్మం?

'సంస్కారం' అన్న పదాన్నే పరిశీలిద్దాం. మీమాంసకుల దృష్టిలో ఒక ద్రవ్యాన్ని ఒక ప్రయోజనానికి యోగ్యంగా చేసే క్రియ సంస్కారం. యజ్ఞానికి తెచ్చిన వ్రీహులను ప్రోక్షిస్తారు, దంచుతారు, పొట్టు తొలగిస్తారు. ఆ క్రియలన్నీ సంస్కారాలే. దంచకముందే ధాన్యాన్ని చూసి 'ఇది బియ్యం కాదు' అని పారవేసే ఋత్విజుడు ఎక్కడైనా ఉంటాడా? గర్భాధానాది షోడశ కర్మలకు కూడా మనం సంస్కారములనే పేరు పెట్టుకున్నాం. అవి ఎవరో పూర్వజన్మలో చేసి ఉంచినవి కావు. తల్లి, తండ్రి, ఆచార్యుడు ఈ జన్మలో శ్రద్ధతో జరుపవలసినవి. ఆ పదంలో ఆచార్యునికి విధించిన కర్తవ్యాన్ని తుడిచివేసి శిష్యునికి అంటగట్టిన నిందను మాత్రమే మిగుల్చుకోవడం మన కాలపు సౌలభ్యం.

ఆంధ్రదేశపు వాయులీన చరిత్ర ఈ విషయంలో ఒక సాక్ష్యాన్ని చెబుతుంది. 1919లో విజయనగర సంస్థానాధీశుడు విజయరామ గజపతి సంగీత కళాశాలను నెలకొల్పాడు. తన కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు కాగా, ఆ బాలునికి విద్యామార్గం ఏదని వెదకిన ఆలోచననుండి ఆ కళాశాల పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసు ప్రథమ అధ్యక్షులు. అదే సంవత్సరం విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాదనం విని ఆయనను ఆచార్యునిగానే నియమించారు. 1893లో జన్మించిన నాయుడుగారికి బాల్యం నుండి దృష్టిమాంద్యం. ఆయనకు వాయులీనం నేర్పినది అన్నగారు వెంకటకృష్ణయ్య. 1936లో ఆయనే కళాశాలాధ్యక్షులైనారు, 1941లో సంగీతకళానిధి అయినారు. ఒక అంధబాలుని కొరకు వెలసిన విద్యాలయంలో, చూపు తక్కువైన గురువు తరతరాల విద్యార్థులకు శ్రవణాన్ని ప్రసాదించాడు. ఆ బాలుని తండ్రితో ఎవరైనా 'సంస్కారం లేదండీ' అని చెప్పి పంపివేసి ఉంటే ఆంధ్రదేశానికి ఆ కళాశాల ఉండేది కాదు.

ఆ కళాశాలలోనే గాత్రాచార్యులు పట్రాయని సీతారామశాస్త్రి. వేసవి సెలవులకు కళాశాల మూసి ఉన్న సమయంలో వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుకు ఆయన ఆశ్రయమిచ్చి పాఠం చెప్పారు. ఆ బాలుడు మధుకరం ఎత్తుకుని చదువుకున్నాడు. నేదునూరి కృష్ణమూర్తి 1940లో అక్కడ చేరి ద్వారం నరసింగరావు నాయుడుగారి వద్ద గాత్రాన్ని, వాయులీనాన్ని కలిపి అభ్యసించారు. గాత్రం వేరు, వాద్యం వేరు అన్న భేదబుద్ధి ఆ గురువులలో లేదు. పాడలేని పంక్తిని కమానుతో పలికించడం అసాధ్యమన్నది వారికి సిద్ధాంతగ్రంథం చదివి తెలిసిన సంగతి కాదు, నిత్యానుభవం.

కృష్ణాతీరంలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారిదీ ఇదే మార్గం. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్య, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి శిష్యులు పంతులుగారు. పంతులుగారు గాయకులు, వాయులీన విద్వాంసులు కూడా. పసితనంలోనే తల్లిని కోల్పోయిన మంగళంపల్లి బాలమురళీకృష్ణను శిష్యునిగా స్వీకరించి మహాగాయకునిగా తీర్చారు; అన్నవరపు రామస్వామిగారిని వాయులీన విద్వాంసునిగా తీర్చారు. ఒకే గురువు, ఒకే విద్య. ఒకరిలో అది కంఠమై, మరొకరిలో కమానై ఫలించింది. బాలమురళీకృష్ణ వాయులీనం, వయోలా, మృదంగం కూడా వాయించగలిగారంటే గురువు ఆయనకు ఒక వాద్యాన్ని కాక నాదాన్ని అందించినందువల్లనే. అన్నవరపువారికి 2021లో పద్మశ్రీ లభించింది. అప్పటికి ఆయన వయస్సు తొంభై దాటింది, విజయవాడలో గురుకుల పద్ధతిలో విద్యాదానం చేసిన ఖ్యాతి ఆయనది.

ఈ సత్యాన్నే సముద్రం ఆవల మరొక గురువు వేరొక ద్వారం గుండా చేరుకున్నాడు. జపాను దేశస్థుడు షినిచి సుజుకి 1898లో వాయులీనాలు తయారుచేసే వాని కుమారుడుగా జన్మించాడు. బెర్లిన్‌లో విద్యాభ్యాసం చేసి స్వదేశానికి తిరిగివచ్చాక, నాలుగేళ్ళ పసివానికి ఈ కఠినవాద్యాన్ని ఎలా నేర్పాలా అని మథనపడ్డాడు. జపాను బిడ్డలందరూ జపాను భాషను అనర్గళంగా మాట్లాడుతున్నారు కదా అన్న అతిసామాన్యమైన సంగతి ఆయనకు ఒకనాడు మహావిషయంగా స్ఫురించింది. మాతృభాష నేర్వడానికి ప్రతిభలేదని ఏ తల్లీ బిడ్డను మాన్పించదు. వినడం, అనడం, మరల అనడం, తల్లి ఆనందించడం, మరల అనడం. సంగీతాన్నీ అలాగే నేర్పాలని ఆయన నిశ్చయించాడు. ద్వితీయ ప్రపంచయుద్ధానంతరం మాత్సుమోతో పట్టణంలో ఆయన స్థిరపరచిన పద్ధతిలో పాఠానికి ముందు నిత్యం శ్రవణం ఉంటుంది, బిడ్డ కంటే ముందు తల్లి వాయించడం నేర్చుకుంటుంది, చిన్న చేతులకు చిన్న కొలతల వాద్యాలుంటాయి. విద్వాంసులను తయారుచేయడం తన లక్ష్యం కాదని, మంచి మనుష్యులను పెంచడమే లక్ష్యమని ఆయన చెబుతూ వచ్చాడు. 1998లో ఆయన దేహయాత్ర ముగిసింది.

విదేశీయుని పేరు ఇక్కడ ఎందుకని కొందరు ఆస్తికులకు తోచవచ్చు. వేదపాఠశాలలో ఒక్క ఉదయం కూర్చున్నవారికి ఆ సందేహం కలుగదు. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. దానినే సంత చెప్పడం అంటారు. పుస్తకం చేతికి రాకముందే, అర్థవిచారం మొదలు కాకముందే, ఉదాత్తానుదాత్త స్వరితాలు చెవిలో స్థిరపడతాయి. స్వరం ఎక్కడ తప్పినదో బాలునికి ఎవరూ చెప్పనక్కరలేదు. తప్పినప్పుడు వాని చెవికే ముల్లు గుచ్చుకున్నట్లవుతుంది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి అక్షరాన్ని, స్వరాన్ని, మాత్రను, ఉచ్చారణ బలాన్ని, సమత్వాన్ని, ఎడతెగని కూర్పును శిక్షాంగాలుగా నిరూపించింది. ఈ ఆరింటిలో వాయులీనానికి అక్కరలేనిది ఏది? కమాను ఒత్తిడి బలం కాదా? ఒక దిశనుండి మరొక దిశకు కమాను మరలేటప్పుడు నాదం తెగకపోవడం సంతానం కాదా? అదే వల్లి ఆచార్యుని పూర్వరూపంగా, అంతేవాసిని ఉత్తరరూపంగా, విద్యను ఆ ఇరువురి సంధిగా దర్శించింది. సంధి కుదరనప్పుడు లోపాన్ని ఒక్క ఉత్తరపదానికే అంటగట్టే వైయాకరణుడు లేడు.

ఇక సమగ్రశిక్షణ అంటే ఏమిటో తెలుసుకోవడానికి రామాయణాన్ని మించిన గ్రంథం అక్కరలేదు. ఉత్తరకాండ ప్రక్షిప్తమా కాదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. అరణ్యంలోని ఆశ్రమంలో పుట్టిపెరిగిన ఇద్దరు బాలురకు ఒక మహర్షి తంత్రీలయ సమన్వితంగా గానం నేర్పాడు. తొలుత ఋషుల ఎదుట పాడించాడు. మురిసిన ఋషులు ఒకరు కలశాన్ని, ఒకరు వల్కలాన్ని, ఒకరు కృష్ణాజినాన్ని ఇచ్చారని బాలకాండ చెబుతుంది. బాలుని తొలి శ్రోతలు వాని హితం కోరేవారై ఉండాలన్న ఔచిత్యం అక్కడ ఉంది. పిదప శ్రీరాముని అశ్వమేధానికి వారిని పంపేవేళ వాల్మీకి చేసిన ఉపదేశం ప్రతి సంగీతగురువూ మరల మరల చదువుకోదగినది. రోజుకు ఇరవై సర్గలు పాడండి అని పరిమితి విధించాడు. మధురమైన ఫలమూలాలు తింటూ పాడండి, అలసట కలుగదు అని ఆహారం చెప్పాడు. తంత్రులను శ్రుతి చేసుకుని, నేర్పిన స్థానాలను అనుసరించి, మనస్తాపం ఏదీ లేక పాడండి అని చిత్తస్థితి చెప్పాడు. ధనలోభం రవ్వంతైనా వద్దు, ఆశ్రమవాసులకు ధనంతో పని ఏమిటి అని శీలం చెప్పాడు. మీరెవరి బిడ్డలని రాజు అడిగితే వాల్మీకి శిష్యులమని మాత్రం చెప్పండి అన్నాడు. రాముడు పద్దెనిమిదివేల సువర్ణాలు ఇవ్వబోతే ఆ బాలురు నిరాకరించారు.

కంఠం, దేహం, ఆహారం, భయరాహిత్యం, లోభరాహిత్యం అన్నీ ఆ కొద్ది మాటలలో ఇమిడి ఉన్నాయి. నేటి పోటీలలో న్యాయనిర్ణేతల బల్లముందు వణుకుతూ కమాను పట్టుకున్న ఎనిమిదేళ్ళ బిడ్డను చూసినప్పుడు, మనస్తాపం లేక పాడమన్న ఆ గురువాక్యం ఎంత దూరమైపోయిందో తెలుస్తుంది. అరచేతిలో చెమట పట్టిన బిడ్డకు కమాను జారుతుంది, భుజం బిగుసుకుంటుంది, బిగిసిన భుజం నుండి నాదం గీరుకుంటూ వస్తుంది. పాదంపై వాద్యశిరస్సును ఆనించి, రెండవ కొసను ఎదకు చేర్చి పద్మాసనప్రాయంగా కూర్చునే మన సంప్రదాయంలో వెన్ను నిలబడనిదే శ్వాస నిలవదు, శ్వాస నిలవనిదే కమాను నిలవదు. దీనిని యోగమని పిలిచినా పిలవకపోయినా నష్టం లేదు. గురువు పాఠం మొదట ఐదు నిమిషాలు శ్రుతిని వింటూ బిడ్డను ఊరక కూర్చోబెడితే చాలు.

గురుకులాన్ని కీర్తించేవారు దాని లోపాలను దాచడం ఆత్మవంచన. శుశ్రూష పేరిట శిష్యునిచేత ఏళ్ళతరబడి ఇంటిచాకిరీ చేయించుకుని పాఠాన్ని మాత్రం బిగబట్టిన గురువులు ఉన్నారు. దండనతో స్వరం కుదురుతుందని నమ్మినవారు ఉన్నారు. కులం అడిగి గడప వద్దనే ఆపినవారు ఉన్నారు, ఆడపిల్లకు కచేరీ ఎందుకన్నవారూ ఉన్నారు. గురువుకు శుశ్రూష చేయమని శాస్త్రం శిష్యునికి చెప్పింది. శుశ్రూష అన్న పదానికి ధాత్వర్థం 'వినాలనే కోరిక'. చెవికి సంబంధించిన ఆ పదాన్ని చేతుల చాకిరీగా మార్చినది ఎవరు? గురుకులం మరల కావాలని కోరేవారు ముందుగా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. తల్లిని పక్కన కూర్చోబెట్టి పాఠం చెప్పే సుజుకి పద్ధతిలో ఉన్న ఒక రక్షణ ఇక్కడ గుర్తుకు రావాలి: బిడ్డ ఎన్నడూ ఒంటరిగా లేదు.

ఈ విచారమంతా భద్రాచల పరిసరాలకు ఎందుకు అత్యవసరమో చూడవచ్చు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి దరి చేరేసరికి అడవి దగ్గరవుతుంది, సంగీత గురువులు అరుదవుతారు. విచిత్రమేమంటే తెలుగు కీర్తనకు ఆదిభూములలో ఇది ఒకటి. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న భద్రాద్రి రామునికి ఆలయం కట్టించి, గోలకొండ చెరలో మగ్గి, కీర్తనలను మిగిల్చాడు. పందొమ్మిదవ శతాబ్ద పూర్వార్ధంలో తూము నరసింహదాసు ఇక్కడి నిత్య, పక్ష, మాస, సంవత్సరోత్సవాలను క్రమపరచి సేవలకు కీర్తనలను ముడివేశాడు. త్యాగరాజస్వామి రామదాసును తన కృతులలో స్మరించాడు. రామదాసు కీర్తనలను ఆకాశవాణి ద్వారా ఇంటింటికీ చేర్చిన కంఠం బాలమురళిది. రామదాసు జయంతి ప్రయుక్తంగా భద్రాచలంలో నవరత్న కీర్తనల గోష్ఠిగానం జరుగుతుంది. వేదికపై ఎక్కడెక్కడి విద్వాంసులో కూర్చుంటారు. పదిమైళ్ళ దూరంలోని ఆశ్రమపాఠశాల బిడ్డ ఆ ధ్వనివర్ధకాన్ని దూరంనుండి వింటాడు, వినడేమో కూడా.

రామదాసు కీర్తన ఇక్కడి బిడ్డకు మాతృభాష వంటిది. సరళమైన తెలుగు, నోటికి ఎక్కే వరుస, ఆబాలగోపాలం కూడి పాడే స్వభావం. వాయులీనంలో తొలి గేయంగా దీనినే ఎందుకు నేర్పకూడదు? పురందరదాసు నిర్మించిన సరళీ, జంట, అలంకార క్రమాన్ని మీరరాదని సంప్రదాయజ్ఞులు అభ్యంతరం చెబుతారు. ఆ క్రమాన్ని ఎవరూ మీరనక్కరలేదు. మాయామాళవగౌళ తన స్థానంలో ఉంటుంది. అయితే సరళీ మొదలయ్యేనాటికి ఆ చెవిలో నూరుసార్లు విన్న ఒక పాట ఉంటే, సరిగమలు ఆ బిడ్డకు గణితపు ఎక్కంలా తోచవు. తనకు తెలిసిన ఇంటికి దారిలా తోస్తాయి.

కోయబిడ్డల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. వారికి తెలుగు రెండవ భాష. వారి ఇళ్ళలో డోలు ఉంది, కొమ్ముకోయ నృత్యంలో లయ ఉంది, ఇలవేల్పుల కథలు ఉన్నాయి. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య డోలు మ్రోగిస్తూ కోయల వంశగాథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను నోటితోనే గానం చేసినవాడు. 2022లో పద్మశ్రీ పొందాడు, 2024లో కీర్తిశేషుడైనాడు. గ్రంథం లేక, విని ధారణ చేసి, తరానికి అందించడం శ్రుతి పద్ధతి కాక మరేమిటి? అట్టి ఇంటినుండి వచ్చిన బిడ్డ చెవి ఖాళీగా వచ్చిందని తలచే గురువు ఆ బిడ్డకు ఏమీ నేర్పలేడు. 'మీ అమ్మ పాడే పాట ఒకటి పాడు నాయనా' అని అడిగి, దానిని కమానుపై పలికించి వినిపిస్తే, ఆ క్షణంలో వాద్యం ఆ బిడ్డకు సొంతమవుతుంది. శబరి ఇచ్చిన ఫలాన్ని రాముడు స్వీకరించిన తరువాతనే ఆమె కోరిన గతిని అనుగ్రహించాడు కదా.

ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. దేవస్థానం, గిరిజన సంక్షేమశాఖ, సంపన్న భక్తులు ఎవరి భాగం వారు తీసుకోవచ్చు. కల్యాణానికి వచ్చే కానుకలలో స్వల్పభాగం చాలు. కానీ తొలి ఆరుమాసాలకు వాయులీనమే అక్కరలేదు. కావలసింది ఒక శ్రుతిపెట్టె, పాడగల గురువు ఒకరు, ఆశ్రమపాఠశాలలో ఆటలు ముగిసిన తరువాత అరగంట, నెలకు ఒకసారి ఆలయంలో సేవాకాలంలో బిడ్డలను కూర్చోబెట్టి వినిపించే ఏర్పాటు. వేసవిలో తునికాకు ఏరడానికి తలిదండ్రులతో అడవికి వెళ్ళిన బిడ్డలు జూన్‌లో తిరిగి వచ్చినప్పుడు, విన్నదానిలో ఎంత నిలిచిందో గురువు పాడించి చూడవచ్చు. ఎవరి చేతికి ఏ కొలత ఫిడేలు కావాలో అప్పుడు నిర్ణయించవచ్చు.